దూలం మీద డాలు

"ఉలి దించు హిన్నెర్క్! ఆ పేరు చెక్కావంటే నిచ్చెన లాగేస్తాను."

వడ్రంగి హిన్నెర్క్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కింద ముసలి డీడ్రిక్ రూవెకాంప్ నిజంగానే నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లి కుదిరితే పెద్దవాకిలి దూలం మీద జంట పేర్లు చెక్కించడం ఆ ఊరి ఆనవాయితీ. మనవరాలు వీబ్కె పేరు చెక్కడం అయింది. పక్కన పెళ్లికొడుకు పేరు 'హార్మ్ రూవెకాంప్' అని చెక్కాలి.

"తాతయ్యా, హార్మ్ మన ఇంటిపేరు పెట్టుకుంటానంటే సరేనన్నావు కదా! శనివారమే పెళ్లి," అంది హార్మ్ పక్కన నిలబడ్డ వీబ్కె. ఏడుపు ఒక్కటే తక్కువ.

"అన్నాను. వీడి వేషాలు చూడకముందు." ముసలాయన దూలం నడుమనున్న వంశ చిహ్నమైన డాలును చూపించాడు. నీలం మీద మూడు గోధుమ కంకులు, కింద తెల్ల బాతు, 1687 అన్న సంవత్సరం. "ఆరు వారాలుగా దాని చుట్టూ పిల్లిలా తిరుగుతున్నాడు. టేపు పెట్టి కొలిచాడు, ఫొటోలు తీశాడు. చర్చిలో పాత రిజిస్టర్లు తిరగేశాడట, పాస్టర్ వంటమనిషి చెప్పింది. ఎందుకురా అంటే నేలచూపులు!"

"మీకు వంశవృక్షం రాయించి ఇద్దామనుకున్నాను తాతగారూ. పెళ్లి కానుకగా," అన్నాడు హార్మ్.

"మరి ఏదీ?"

"మానుకున్నాను."

"విన్నావా? మానుకున్నాడట!"

"పెద్దాయనా, కాళ్లు లాగేస్తున్నాయి. చెక్కనా, దిగనా?" అన్నాడు పైనుంచి వడ్రంగి.

"నోర్మూసుకుని అక్కడే ఉండు." డీడ్రిక్ హార్మ్ ముఖంలో ముఖం పెట్టాడు. "ఇంటిపేరంటే కోటు అనుకున్నావా, వచ్చినవాడల్లా తొడుక్కోడానికి? రక్తంలో ఉండాలి! మూడువందల ఏళ్లకు పైగా ఆ డాలు కింద రూవెకాంప్ రక్తం తప్ప ఇంకొకటి నిలబడలేదు. నువ్వు ఏష్‌బ్రింక్ ఇంటివాడివి. ఏష్‌బ్రింక్‌గానే ఉండు. లేదంటే ఈ వాకిట్లో పెళ్లి జరగదు."

హార్మ్ తల ఊపాడు.

"సరే. ఏష్‌బ్రింక్ అనే చెక్కించండి."

అంత సులువుగా ఒప్పుకోవడంతో ముసలాయన అనుమానం రెట్టింపయింది. ఆ కుర్రవాడి చెయ్యి చొక్కా జేబును అదిమి పట్టుకుని ఉంది. డీడ్రిక్ ఒక్క ఉదుటున ఆ చెయ్యి తోసేసి, జేబులోని కాగితం లాక్కున్నాడు. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. కాగితం పైకి అందించాడు.

"చదువు హిన్నెర్క్. గట్టిగా. వీడి బండారం వాకిట్లోనే బయటపడాలి."

"వద్దు తాతగారూ. పెళ్లికి దాంతో పనిలేదు," అన్నాడు హార్మ్.

"చదవమన్నానా!"

వడ్రంగి చదివాడు. "1742. రైతు యోహాన్ రూవెకాంప్ చనిపోయాడు. పై ఊరి నుంచి కోడలిగా వచ్చిన అతని భార్య, ఏడాది తిరక్కుండా పాలేరు కోర్డ్‌ను పెళ్లాడింది. ఆనవాయితీ ప్రకారం కోర్డ్ పొలంతో పాటు ఇంటిపేరూ, డాలూ తీసుకున్నాడు. ఇప్పటి రూవెకాంప్‌లంతా కోర్డ్ సంతతి."

డీడ్రిక్ నిచ్చెన వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు.

"పాలేరా? అబద్ధం!"

"కింద పాస్టర్ గారి సంతకం ఉంది పెద్దాయనా."

వీబ్కె వచ్చి తాత భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తలెత్తి డాలు వంక చూశాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బాతు, ఇవాళ ఎవరిదోలా కనిపించింది. వడ్రంగి వైపు తిరిగి అడిగాడు.

"మరి యోహాన్ రక్తం ఏమైంది? ఆయనకు పిల్లలే లేరా?"

వడ్రంగి మిగిలిన రెండు వాక్యాలు ముందు మనసులో చదువుకున్నాడు. హార్మ్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత పైకి చదివాడు.

"ఒక్కడే కొడుకు. మారుతండ్రి వెళ్లగొడితే, పక్క ఊరికి ఇల్లరికం పోయి ఆ ఇంటిపేరు పెట్టుకున్నాడు... ఏష్‌బ్రింక్."