ముందు రుచి ఎవరిది?

"తప్పు! శుద్ధ తప్పు!"

భోజనాల గది గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకి ఇరవైమంది సందర్శకులూ తలలు తిప్పారు. వెండి పళ్ళెం పట్టుకుని, దానికి సాల్వర్ అన్న పేరు ఎలా వచ్చిందో చెబుతున్న మేవిస్ మధ్యలో ఆగింది. బ్రాక్స్‌టన్ హాల్ అనే ఆ పాత దొరల భవంతిలో ఈ గది చూపించే పని పదకొండేళ్ళుగా ఆమెదే. జీతం లేదు, కానీ ఆ గదంటే ఆమెకి ప్రాణం. కేకేసిన మనిషి డెస్మండ్ పైక్, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. కిందటి నెలే వాలంటీరుగా చేరాడు.

"సిల్వర్ అన్న మాట నోట్లో నలిగి నలిగి సాల్వర్ అయిందా? ఎవరమ్మా నీకు చెప్పింది, మీ పాలవాడా?"

జనం గొల్లున నవ్వారు. మాస్టారు పళ్ళెం లాక్కుని పైకెత్తాడు.

"స్పెయిన్‌లో పుట్టిన మాట ఇది. వాళ్ళు సాల్వా అంటారు. అంటే, దొర తినబోయే దాంట్లో విషం ఉందేమోనని నౌకరు ముందు రుచి చూడటం. నౌకరు బతికితేనే దొరకి భోజనం! అలా రుచి చూసినవి పెట్టి తెచ్చే పళ్ళెమే సాల్వర్. వంటింట్లో ఎవరికి ఎంత కసి ఉందో పైకి కనపడదు కదా!"

ఈసారి చప్పట్లు పడ్డాయి. భవంతి వ్యవహారాలు చూసే మిసెస్ హోల్‌రాయిడ్ కూడా చప్పట్లు కొట్టి, మేవిస్‌ని పక్కకి పిలిచింది.

"ఏమనుకోకు మేవిస్. ఇకమీదట ఈ గది మాస్టారు చూసుకుంటారు. నువ్వు కింద, నౌకర్లు దొరల బూట్లు తుడిచిన ఆ బూట్ల గదిలో ఉండు."

"పదకొండేళ్ళండీ..."

"పదకొండేళ్ళ తప్పులన్నమాట," అన్నాడు పైక్. "బూట్ల గదిలో నీకే భయమూ లేదు. అక్కడ మాటల పుట్టుక ఎవడూ అడగడు. అన్నట్టు మూడింటికి ఇక్కడే నా ఉపన్యాసం. టీ నువ్వే పట్రా. రెండు చెంచాల చక్కెర, గుర్తుందా?"

మేవిస్ తలూపి కిందికి దిగింది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయింది. అందరి ముందూ పరువు తీశాడు, గది లాక్కున్నాడు, పైగా టీ తెమ్మంటున్నాడు! మూడుకి పావుగంట ముందు వంటింట్లో కెటిల్ పెట్టి, సింకు కింద అల్మరా తెరిచింది. మూలన ఎలుకల మందు డబ్బా ఉంది. దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత నిమ్మకాయ కేకు కోసి, కప్పులో చక్కెర వేసి, రెండూ పళ్ళెంలో సర్దుకుని పైకి నడిచింది.

గదిలో నలభైమంది ఉన్నారు. మాట్లాడి మాట్లాడి గొంతెండిన మాస్టారు కప్పు అందుకుని గడగడా సగం తాగేశాడు.

"రుచి చూడకుండానే తాగేస్తున్నారే మాస్టారూ!" అన్నాడు ముందు వరసలో ఒక పెద్దాయన.

అందరూ నవ్వారు. పైక్‌కి హుషారొచ్చింది.

"నిజమేనండోయ్! ఆచారం ఆచారమే. ఏదీ మేవిస్, ఇలా రా. ఈ కేకు నువ్వు ముందు తిను. అందరూ జాగ్రత్తగా చూడండి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుందేమో!"

మేవిస్ ఒక ముక్క తీసుకుని, నెమ్మదిగా నమిలి మింగింది.

"బతికే ఉంది!" అన్నాడు మాస్టారు. గది నవ్వులతో మోగిపోయింది.

ఆమె కూడా నవ్వింది. కేకు అందిస్తున్నట్టుగా వంగి, ఆయన చెవిలో మెల్లిగా అంది.

"కేకు రుచి చూడమన్నారు సరే. టీ రుచి చూడమనలేదేం మాస్టారూ?"

పైక్ చేతిలో కప్పు ఆగిపోయింది. కప్పులోకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు. పొద్దున్న తను అన్న మాటలే ఇప్పుడు చెవుల్లో గింగురుమన్నాయి. ఉన్నట్టుండి నాలుక చేదెక్కింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఏం... ఏం కలిపావ్?"

"చక్కెరే కదండీ కలపమన్నారు," అంది మేవిస్, వెన్న పూసినంత మెత్తగా.

అరిస్తే పరువు పోతుంది, ఊరుకుంటే ప్రాణం పోతుంది. మాస్టారు కప్పు బల్ల మీద పడేసినట్టు పెట్టి, పొట్ట పట్టుకుని, కుర్చీలు తోసుకుంటూ బయటికి పరిగెత్తాడు. మరుక్షణం కారు కంకర మీద గర్రుమంటూ ఆస్పత్రి దారి పట్టింది.

"ఏమైందీయనకి?" మిసెస్ హోల్‌రాయిడ్ చేతులు నలుపుకుంది. "నలభైమందిని కూర్చోబెట్టి ఇలా పారిపోవడమేంటి?"

"ఏదో పడనట్టుందండీ," అంది మేవిస్. "మిగతాది నే చెప్పనా?"

సందర్శకులకి అడ్డంగా కట్టిన తాడు దాటి, మళ్ళీ తన చోట తను నిలబడింది. వెండి పళ్ళెం పైకెత్తింది. స్పెయిన్ నుంచి మొదలుపెట్టి నౌకరు దాకా, పొద్దున్న విన్నది విన్నట్టు అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. మాస్టారికంటే రెండు చప్పట్లు ఎక్కువే పడ్డాయి.

"రేపట్నుంచి మళ్ళీ నువ్వే చూసుకో తల్లీ," అంది మిసెస్ హోల్‌రాయిడ్. "మధ్యలో వదిలేసి పోయేవాళ్ళతో నేను వేగలేను. ఆయన తిరిగొస్తే బూట్ల గదికి పంపుతాను."

అందరూ వెళ్ళాక మేవిస్ తలుపు వేసి, హాయిగా కుర్చీలో కూలబడింది. మాస్టారు సగం వదిలేసిన టీ కప్పు అందుకుని, ఎంగిలని కూడా చూడకుండా, అడుగంటా తాగేసింది.