టిల్డా చెట్టు

టిల్డా బకెట్టు మూడో రోజు కూడా ఖాళీగానే ఉంది.

బడి వెనక చెట్లకు గొట్టాలు దిగ్గొట్టి తగిలించిన మిగతా పధ్నాలుగు బకెట్లలో మేపుల్ రసం టపటపా పడుతోంది. మూడో తరగతి పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ స్కేళ్ళు ముంచి కొలుస్తున్నారు, వేళ్ళు నాకుతున్నారు, కొండ ఎగిరిపోయేలా అరుస్తున్నారు. టిల్డా ఒక్కతే తన చెట్టు పక్కన బుంగమూతి పెట్టుకుని, నోట్‌బుక్కు గుండెకు హత్తుకుని నిలబడింది.

ఆ బడిలో ఊడ్చేది, బల్బులు మార్చేది, బాయిలర్ చూసేది అన్నీ ఆర్మండ్ తాతే. యాభై ఏళ్ళుగా ప్రతి మార్చిలోనూ ఇంటి వెనక మేపుల్ రసం కాచి పాకం తీస్తున్న మనిషి. ఆ చెట్టును దూరం నుంచి చూడగానే ఆయనకు తెలిసిపోయింది. అది మేపుల్ కాదు, యాష్ చెట్టు. ఆకులు రాలాక రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. యాష్‌కు గొట్టం దిగ్గొట్టి జూన్ దాకా కూర్చున్నా చుక్క రాదు.

పాపం, ఆ పిల్ల తొందరపడి కూడా ఎంచుకోలేదు. చెట్ల పుస్తకం చేత్తో పట్టుకుని, కొమ్మకొమ్మా చూసి, బెరడు గోకి గోకి, అందరికన్నా ఆఖరున ఎంచుకుంది. అయినా తప్పింది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. ప్రూయిట్ టీచర్ కళ్ళతోనే ఆపేసింది. ఆవిడ పద్ధతి ఆవిడది. చెట్టు పిల్లలే వెతుక్కోవాలి, బర్మాతో రంధ్రం పిల్లలే వెయ్యాలి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఎవరి ప్రశ్న వాళ్ళే రాసుకుని, ఈ రసం కాచుకు తినే పాకం పండగ దాకా ఎవరికీ చూపించకూడదు.

"తప్పు చెట్టయితే ఆ సంగతి చెట్టే చెప్తుంది ఆర్మండ్ గారూ. మధ్యలో మనం వేలు పెడితే అది సైన్సు కాదు, మోసం," అంది.

సైన్సు సంగతేమో గానీ ఆర్మండ్ తాత ప్రాణం ఉసూరుమంది. టిల్డా ఫ్లోరిడా నుంచి ఈ వెర్మాంట్ కొండల్లోకి వచ్చి రెండు నెలలు కాలేదు. ఎండదేశం పిల్లకి చెట్లేం తెలుస్తాయని పక్క పిల్లలు అప్పుడే మొదలెట్టారు. పండగ రోజు అందరూ ఎవరి పాకం వాళ్ళు మంచు మీద పోసుకు తింటుంటే, ఈ చిట్టితల్లి ఖాళీ బకెట్టు పట్టుకుని చూస్తూ నిలబడాలా?

నాలుగో రోజు పొద్దున్నే, బస్సు రాకముందే, ఇంటి నుంచి తెచ్చిన సీసాడు రసం ఆ బకెట్టులో వంచేశాడు.

పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. టిల్డా తాపీగా స్కేలు ముంచి కొలిచి, ఏదో రాసుకుని, ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వుకే ఆయన కడుపు నిండిపోయింది.

ఇంక ఆగుతాడా. రోజూ అదే పని. చీపురు భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ, కిటికీల వంక దొంగచూపులు చూస్తూ పోసి వచ్చేవాడు. ఒకరోజు చెయ్యి జారి అన్ని బకెట్లనీ మించిపోయింది కూడా. టిల్డాకి ఆయన దగ్గర చనువు పెరిగింది. పొద్దున్నే ఎన్నింటికి వస్తావు తాతా, మీ ఇంట్లో మేపుల్ చెట్లెన్ని తాతా అని అడిగేది. ఒకసారి తన చెట్టు చుట్టూ మంచులో మోకాళ్ళ మీద పాకుతూ స్కేలుతో ఏదో కొలుస్తుంటే, జలుబు చేస్తుంది లేమ్మా అని ఆయనే గదమాయించాడు.

తొమ్మిదో రోజు చలి కొరికేసింది. అంత చలిలో ఏ చెట్టూ చుక్క విదల్చదు. ఆర్మండ్ తాత హాయిగా కాఫీ తాగి ఉత్త చేతులతో వచ్చాడు. పధ్నాలుగు బకెట్లూ ఖాళీ. టిల్డా బకెట్టులో మాత్రం రెండంగుళాల రసం.

వేలు ముంచి నాకాడు. తియ్యగా ఉంది. చెట్టును పైకీ కిందికీ చూశాడు. యాభై ఏళ్ళ అనుభవం ఆ ఒక్క చుక్కతో కొట్టుకుపోయింది. ఇదెలా సాధ్యమని అడిగితే, ప్రూయిట్ టీచర్ తడిసిన చేతి తొడుగులు జేబులో కుక్కుకుంటూ, ప్రకృతిలో వింతలకేం కొదవ అని ఆకాశం వంక చూసింది.

పాకం పండగ రానే వచ్చింది, ఊరంతా బడికి చేరింది. కాగిన పాకం మంచు మీద పోస్తే తీగలు తీగలుగా గడ్డకట్టింది. పిల్లలు దాన్ని ఫోర్కులకు చుట్టుకుని మింగుతున్నారు, తీపి వెగటు పుట్టగానే ఊరేసిన పుల్ల దోసకాయ కొరుకుతున్నారు, మళ్ళీ పాకం మీద పడుతున్నారు. పళ్ళు అతుక్కుపోయి ఎవడి మాటా ఎవడికీ అర్థం కావడం లేదు.

అతిథిగా వచ్చిన అటవీ శాఖావిడ, ఎక్కువ రసం ఇచ్చిన చెట్టేదని అడిగింది. అందరి వేళ్ళూ టిల్డా చెట్టు వైపు లేచాయి. ఆవిడ దగ్గరికి వెళ్ళి బెరడు తడిమింది. కనుబొమలు పైకి లేచాయి.

"ఇది యాష్ కదా. ఇందులో రసం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆర్మండ్ తాత గొంతులో డోనట్ అడ్డం పడింది. తను నోరు మూసుకుంటే ఊరందరి ముందూ దొంగ అయ్యేది ఆ పసిది. అంతకన్నా ఘోరం ఉందా? చెవులు ఎర్రబడిపోతుండగా లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదండీ. పిల్లకేం తెలీదు."

పక్కన ఇంకో కుర్చీ కూడా కిర్రుమంది. చూస్తే ప్రూయిట్ టీచర్. తల వంచుకుని, "ఒక రోజు నాది కూడా," అంది.

టిల్డా అచ్చం టీచరులాగే చెయ్యెత్తింది.

"ఇద్దరూ కూర్చోండి. నేనింకా నా ప్రశ్న చదవలేదు."

ఫోర్కు పక్కన పెట్టి, నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి, చెట్టుకు బకెట్టు తగిలించిన రోజున రాసుకున్న ప్రశ్న గొంతెత్తి చదివింది: "రసం రాదని తెలిసిన యాష్ చెట్టుకు బకెట్టు తగిలించి, దాని పక్కన బుంగమూతి పెట్టుకుని నిలబడితే, ఎంతమంది పెద్దవాళ్ళు, ఎన్నో రోజు నుంచి దొంగతనంగా రసం పోస్తారు?"