పచ్చగా ఉన్నంతవరకే

పంట లేని నేల కనబడితే చాలు, ప్రభుత్వ డ్రోను దాన్ని ఖాళీ భూమిగా లెక్కగట్టి అప్పటికప్పుడు కంపెనీకి రాసిచ్చేసే రోజులవి. పైడితల్లి చోడి (రాగి) చేను పండి గింజ రాలిపోతోంది. తెల్లారినప్పటి నుంచి డ్రోను చేనుమీదే తిరుగుతుంటే ఆమెకు కాలు నిలవడం లేదు.

“కొయ్యకపోతే ఏటి తింతామత్తా?” అంది కోడలు అప్పలనరస.

పైడితల్లి కొడవలి అందుకుంది. “నాను కోసుకుంటా పోతాను. నువ్వు గట్టుమీదున్న నారు అట్టుకుని నా ఎనకే నాటుకుంటా రా.”

మొదటి వరస కోయగానే డ్రోను సర్రున దిగింది. అప్పలనరస గబగబా నారు నాటింది. ఆ పచ్చటి మొక్కలమీద కాసేపు తచ్చాడి అది పైకి లేచింది.

“పోనాదా?” నడుమెత్తకుండానే అడిగింది పైడితల్లి.

“నేదత్తా, నీ నెత్తిమీదే ఉంది.”

“ఉండనీ. నువ్వు నాటు,” అంటూ రెండో వరసలోకి కదిలింది.