కొల్లేటి గట్టున అసలు తూనీగ

కొల్లేటి గట్టునున్న ఆ ఊళ్లో, దోమలు పట్టే యంత్రపు తూనీగల్ని రోజూ సాయంత్రం ఎగరేసే పని ఎస్తేరుది. జనం తలుపులు బార్లా తీసుకుని హాయిగా కూర్చునేది వాటి పుణ్యానే. ఆ రోజు ఆమె వాటి పెట్టె మూత తీయబోతుంటే, నీటి అంచున జమ్ము గడ్డి పుల్ల మీద ముందే ఒక తూనీగ వాలి ఉంది. చూస్తుండగానే రివ్వున లేచి, గాల్లోనే దోమను పట్టి, మళ్లీ అదే పుల్ల మీద వాలి నమలసాగింది.

“అత్తయ్యా, మన యంత్రాలు నమలవు కదా?”

పక్కనే ఉన్న అత్త సువార్తమ్మ వంగి చూసింది. “ఇది అసలు తూనీగేనే. నా పెళ్లినాటికే ఇవి కనబడకుండా పోయాయి.”

యంత్రాల్ని వదిలితే ఒక్క దోమా మిగలదు. దీనికి పస్తే. ఎస్తేరు పెట్టెకు గొళ్లెం పెట్టేసింది.

కాసేపటికి ఊరంతా ఒళ్లు చరుచుకుంటూ గట్టు మీదికి వచ్చింది.

“ఏమ్మా, మమ్మల్ని దోమలకు వదిలేశావా?” అన్నాడు ప్రెసిడెంటు ఏలియా.

ఎస్తేరు జమ్ము వైపు చూపించింది. తూనీగ మళ్లీ లేచింది, పట్టింది, వాలి నమిలింది. వచ్చిన కోపం మర్చిపోయి అందరూ అక్కడే చతికిలబడ్డారు.

ఏలియా మోచేతి మీద దోమ వాలింది. కొట్టబోయిన చెయ్యి ఆపుకుని, ఆయన దాన్ని మెల్లగా జమ్ము వైపు ఊదాడు.