ఏడంటే తొమ్మిది

మిర్యాలగూడ కాలేజీలో లెక్కలు చెప్పే వనితకు ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ప్రధాన సంఖ్య ఆ సాయంత్రమే దొరికింది. ఒకటీ, అదీ తప్ప మరే సంఖ్యా దాన్ని భాగించలేదు. రాస్తే మూడు వేల అంకెలు! ఆ సంతోషం ఇంట్లో పట్టక, ల్యాప్‌టాప్ చంకనేసుకుని, తమ్ముడు శ్రీహరి బండెక్కి వాడపల్లి వచ్చింది. మూసీ కృష్ణలో కలిసేచోట అప్పటికే చీకటి. మనిషన్నవాడు లేడు.

తన సంఖ్య చివరి అంకెల్ని అవతలి గట్టుకేసి గొంతెత్తి అరిచింది. "నాలుగూ... ఒకటీ... ఏడూ!"

కాసేపటికి ప్రతిధ్వని వచ్చింది. అచ్చం ఆమె గొంతే. "నాలుగూ... ఒకటీ... తొమ్మిదీ!"

శ్రీహరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు ఏడన్నవ్ గదా? ఇగ పోదాం పా."

వనిత చెయ్యి విడిపించుకుంది. మళ్లీ అరిచింది. మళ్లీ తొమ్మిదే వచ్చింది, పిల్లలకు తప్పు దిద్దినంత ఓపికగా.

"జర ఆగురా. రెండు కలిపి సూడమంటున్నరు."

"ఎవరక్కా?"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, సంఖ్యకు రెండు కలిపి పరీక్షకు పెట్టింది. కొన్ని నిమిషాలకు ఫలితం వచ్చింది. అదీ ప్రధానమే!

"కవలలురా! రెండే తేడాతో ఇద్దరు కవలలు!" అంటూ తమ్ముణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పేసింది. భయం మరిచిపోయి వాడూ పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఆయాసంతో ఇద్దరూ ఆగారు.

అవతలి గట్టున ఆమె గొంతు ఇంకా నవ్వుతూనే ఉంది, పట్టరాని సంతోషంతో.