ఫ్యూజుల కాపలా

రామచంద్రపురంలో ఓ కల్యాణమండపం సెల్లార్‌లో గదులకి కరెంటు పంచే కొత్త డీబీ పెట్టె బిగించే పని త్రిమూర్తులుకి దొరికింది. తోడుగా బావమరిది సత్తియ్య.

చెమ్మ పట్టిన ఇటుక గోడకి కన్నాలు నిన్ననే వేశారు. ఇవాళ పెట్టె బిగించి వైర్లు కలపాలి.

పొద్దున్నే పైన మెయిన్ ఫ్యూజులు పీకి, బోర్డు మీదే పెట్టేసి, ఇద్దరూ కిందికి దిగారు.

ఇంతలో మెట్ల మీంచి ఓ గొంతు.

"బాబూ, ఫ్యూజులు నా దగ్గరున్నాయి. మీరు చేసుకోండి."

త్రిమూర్తులు పైకెళ్లి చూశాడు. ముక్కూ మొహం తెలియని ముసలాయన, బోర్డు కింద స్టూలేసుకుని, మూడు ఫ్యూజులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరండీ మీరు?"

"ఏసురాజు అంటారండి."

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదండి. ఇవి జేబులో వేసుకుని దిగాలి కదా బాబూ. ఎవరైనా పెట్టేస్తే?"

త్రిమూర్తులుకి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. నాకే పాఠాలా అనుకున్నాడు.

పది నిమిషాలకోసారి పైనుంచి అదే కేక.

"ఇంకా వైరు మీద చెయ్యుందా బాబూ?"

సత్తియ్య ఓపిగ్గా "ఉందండీ" అనేవాడు. త్రిమూర్తులు పళ్లు నూరేవాడు.

ఐదోసారికి విసురుగా మెట్లెక్కాడు.

"నా పని నాకు తెలుసండీ. అవక్కడ పెట్టి దయచెయ్యండి."

"మీ జేబులో వేసుకోండి, వెళ్లిపోతాను."

"బోర్డు మీద పెట్టమన్నానా!"

ముసలాయన ఒక్కొక్కటే పెట్టాడు. వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. త్రిమూర్తులు మళ్లీ కిందికి దిగాడు.

పావుగంటకి డెకరేషన్ వాళ్లు వచ్చారు. లోపల ఒకటే ఉక్క. ఫ్యాను తిరగడం లేదు. బోర్డు మీద ఫ్యూజులు కనిపించాయి. వాళ్లలో ఒకడు తీసి పెట్టేశాడు.

కింద సత్తియ్య చేతిలో వైరుంది.

ఆసుపత్రి వరండాలో డాక్టరు ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. త్రిమూర్తులుకి ఏడుపు రాలేదు. భార్యకి ఫోను చేసి, నీ తమ్ముడు లేడని చెప్పాలి. ఫోను చేతిలోనే ఉంది.

మండపం ఊడ్చే సువార్తమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"ఏసురాజు గారు బయట ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడిపోయారండి. ఇంటికెళ్లమన్నా వెళ్లట్లేదు."

"ఎవరాయన?" గోడకేసి చూస్తూనే అడిగాడు.

"మీలాగే కరెంటు పని చేసేవారండి. ఊళ్లో ఎక్కడ పని జరుగుతున్నా వెళ్లి, ఇలాగే ఫ్యూజులు పట్టుకుని కూర్చుంటారు. పాతికేళ్ల కిందట వాళ్లబ్బాయి ఇంకా వైరు కలుపుతూనే ఉంటే, పని అయిపోయిందనుకుని ఫ్యూజు పెట్టేసింది ఆయనేనండి."