ఎర్రచుక్క పురుగు

ఆకు మీది పెంకుపురుగు వీపున ఎర్రచుక్క కనిపించగానే రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఆ చుక్క పెట్టింది ఆయనే. నిన్న సాయంత్రం తన స్ట్రాబెర్రీ కుండీల్లో పట్టుకున్న ఇరవై రెండు పురుగులకీ, రోజూ ఏరేస్తున్నా తగ్గడం లేదేంటన్న అనుమానంతో, కోడలి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టాడు. అవన్నీ ఈపాటికి చచ్చి ఉండాలి. ఇదేమో దర్జాగా కూర్చుని ఆకు నములుతోంది.

ఆకులన్నీ జల్లెడలైపోయాయి. కాయలింకా పచ్చివే. ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే ఒక్క మొక్కా దక్కదు.

పట్టుకోవడం వరకే తన డ్యూటీ, శిక్ష వేరేవాళ్ళ పని అన్నది ఆయన సర్వీసు నాటి అలవాటు. అందుకే రోజూ పురుగుల్ని సీసాలో వేసి, మూత బిగించి భార్యకి అప్పగించేవాడు. సబ్బునీళ్ళలో ముంచాల్సింది ఆవిడ.

పురుగుని గుప్పిట్లో మూసి హాల్లోకి వెళ్ళాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"నిన్నటి సీసా ఏమైంది?"

"సబ్బునీళ్ళు పోశాను."

"చచ్చాయా?"

"చావకేం చేస్తాయి?"

ఆయన గుప్పిట విప్పి పురుగుని బల్ల మీద వదిలాడు. "మరి ఈ శవం నడుస్తోందేంటి?"

పురుగు నాలుగడుగులు వేసి ఆగింది. ఆవిడ దాన్ని నింపాదిగా చూసింది.

"ఈదుకుంటూ వచ్చిందేమోనండీ."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. జాలిపడి వదిలేశానని మాత్రం చెప్పకు. పొద్దున్నే బొద్దింకని చెప్పుతో చావగొట్టావ్, నేను చూశాను."

ఆవిడ తాపీగా చొక్కా మడత సరిచేసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత మొండి ముద్దాయి ఆయనకి తగల్లేదు.

అప్పుడే తలుపు తోసుకుని కోడలు వచ్చింది. చేతిలో మూతకి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా.

"అత్తయ్యా! నర్సరీ ఆయన ఇంకో ముప్ఫై పురుగులిచ్చాడు. మామయ్య చూడకుండా కుండీల్లో..."

మామయ్యని చూసి నాలుక కరుచుకుంది.

"ఆగావేమ్మా? కానివ్వు," అన్నాడాయన. "అసలు అత్తాకోడళ్ళిద్దరికీ నా మొక్కల మీద పగేంటి?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చివరికి కోడలే తెగించింది.

"మొక్కల మీద మాకేం పగ లేదు మామయ్యా. పురుగులన్నీ చచ్చిపోతే, మీరు మళ్ళీ పొద్దస్తమానం వంటింట్లో తనిఖీలు మొదలెడతారని!"